దుప్పటి అంచుల్లో సైన్సు

"ఇవాళ గస్తీవాళ్ళు మన వీధికి వస్తారు, చూడండి" అన్నాను పొద్దున్నే పొయ్యి ముట్టిస్తూ. అప్పటికి ఏమీ జరగలేదు. వీధిలో కుక్క కూడా మొరగలేదు. అయినా ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.

మా అత్తగారు మంచం మీంచి లేవకుండానే, "నువ్వు వస్తారన్న ప్రతి రోజూ వాళ్ళు వచ్చుంటే ఈపాటికి మన గడప అరిగిపోయుండేది" అన్నారు.

నేను భయస్థురాలిని, దాచుకోవడమెందుకు. పాలు పొంగితే ఇల్లు అంటుకున్నంత కంగారు పడతాను. మా ఆయన్ని లారీతో సహా యుద్ధం పనికి పట్టుకుపోయిన దగ్గర్నుంచి అది మరీ ముదిరింది. ఆయన ఉత్తరం రాకపోతే ఒక భయం, వస్తే విప్పడానికి ఇంకో భయం. ఉత్తరాలన్నీ మా అమ్మాయే విప్పి చదివేది.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. మాటలు వచ్చిన దగ్గర్నుంచి నోరు మూతపడని పిల్ల. అత్తగారు దానికి రేడియో అని పేరు పెట్టారు. వీధిలో ఆ పేరుతో పిలవొద్దని ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డాను. రేడియో పెట్టుకోవడం నేరం కదా, ఎవరైనా విని మా ఇంట్లో నిజంగానే ఒకటుందనుకుంటే? "వచ్చి వెతుక్కోమను, దొరికితే నాలుగు రోజులు వాళ్ళ దగ్గరే వాగనీ" అనేవారావిడ.

ఆ వాగే పిల్ల నాతో మాట్లాడటం మానేసిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. తప్పు నాదే.

రెండేళ్ళ కిందట వాళ్ళు పట్నాన్ని పట్టుకున్నాక పదేళ్ళు దాటిన ఆడపిల్లలు బడికి రాకూడదన్నారు. బడిని సైనికులు ఉండటానికి తీసుకుని, బెంచీలు చలి మంటల్లో వేసుకున్నారు. సైన్సు చెప్పే పంతులమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆరుగురు పిల్లలకు తన ఇంట్లోనే ఎనిమిదో తరగతి మొదలుపెట్టింది. పుస్తకాలు దొరికితే ప్రమాదమని ఆరు సబ్జెక్టులకు ఆరే నోటుబుక్కులు పెట్టింది. ఒక్కో పిల్ల దగ్గర ఒక్కటి, వారానికోసారి మార్చుకోవాలి, ఏ ఇంట్లోనూ రెండు ఉండకూడదు. మిగతా అయిదూ పిల్లలే రాసుకున్నారు. సైన్సుది మాత్రం బొమ్మలు కుదరాలని పంతులమ్మ స్వయంగా రాసేది.

మొన్న చలికాలంలో నీళ్ళ క్యూలో నిలబడి ఉండగా బాంబు పడి పంతులమ్మ పోయింది. ఆ వారమే ఆవిడ చివరి పాఠం రాసి, నోటుబుక్కు మా అమ్మాయికి ఇచ్చింది. మిగతా పిల్లలెవరూ ఆ పాఠం ఇంకా చూడలేదు. పంతులమ్మ లేకపోయినా ఏడాది పూర్తి చేయాలని ఆరుగురూ పట్టుబట్టారు. రొట్టెల కొట్టు వెనక గదిలో పిండి జల్లించే పని మీద కలుసుకునేవాళ్ళు. ఇక మార్చుకోకుండా, ఒక్కొక్కరు తమ దగ్గర మిగిలిన నోటుబుక్కు సబ్జెక్టు చెప్పాలి. సైన్సు మా అమ్మాయి వంతు. పాఠం చెప్పే ముందు రోజంతా మా అత్తగారిని కూర్చోబెట్టి గుండె ఎలా కొట్టుకుంటుందో అప్పజెప్పేది. "ఇంతకాలం తెలీకుండానే కొట్టుకుంది, ఇప్పుడు నువ్వు చెప్పాక తడబడుతోంది" అని ఆవిడ మొత్తుకునేవారు.

నేను ఆసుపత్రి ఉతుకు షెడ్డులో పని చేస్తాను. ఆ రోజు గంగాళంలో దుప్పట్లు కలియబెడుతుంటే ఇస్త్రీ చేసే అక్క వచ్చి నా చెవిలో చెప్పింది. గస్తీవాళ్ళు మా వీధిలో ఇల్లిల్లూ వెతుకుతున్నారట.  బట్టల సోడా అయిపోయింది, తెస్తానని చెప్పి బయటపడ్డాను. దారిలో నా బుర్రలో అన్నీ జరిగిపోయాయి. నోటుబుక్కు దొరికింది, పిల్లని జీపెక్కించారు, అత్తగారు వీధిలో పడిపోయారు, మా ఆయన తిరిగొచ్చేసరికి తలుపుకు తాళం.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి నీళ్ళకు వెళ్ళింది. నోటుబుక్కు పిండి డబ్బా అడుగున ఉంటుందని నాకు తెలుసు. ఇంట్లో కుట్టడానికి తెచ్చిన ఆసుపత్రి దుప్పట్లు తొట్టిలో సోడా నీళ్ళలో నానుతున్నాయి. వేరే మనిషైతే నోటుబుక్కు పొయ్యిలో పెట్టేది. నాకు పొగ వస్తుందని భయం, మసి కాగితాలు పైకి ఎగురుతాయని భయం. కాగితాన్ని ఏం చేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, రోగుల జేబుల్లో మిగిలిపోయిన చీటీలు ఎన్నిటిని చూడలేదు. పేజీలు చింపి వేణ్నీళ్ళ సోడాలో వేసి పిసికాను. గుండె, కన్ను, పేగులు అన్నీ పావుగంటలో గంజిలా అయిపోయాయి.

గస్తీవాళ్ళు వచ్చారు. వాళ్ళ ఆఫీసరు సైకిలు ఎవరో ఎత్తుకుపోయారట. మా మంచం కింద కూడా వంగి చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. సైకిలు పక్క సందులో దొరికింది. "మంచం కింద సైకిలు తొక్కుతామనుకున్నారు కాబోలు" అన్నారు అత్తగారు.

అమ్మాయి బిందె దించి డబ్బాలో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉంచి తొట్టి వైపు చూసింది. సిరా దిగి నీళ్ళు నీలంగా ఉన్నాయి.

"అంతానా?" అంది.

"అంతా" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. పిండి అంటిన చెయ్యి కడుక్కుని, రాత్రికి కూర తరగడానికి కూర్చుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆ దుప్పట్లు నీలి ఛాయలో ఎంత తెల్లగా వచ్చాయంటే, పెద్ద నర్సమ్మ పిలిచి మరీ నీలిమందు సమంగా పెట్టావని మెచ్చుకుంది. షెడ్డు వెనక్కి వెళ్ళి ఆ రోజు నేను ఏడ్చినంతగా మా ఆయన్ని తీసుకుపోయినప్పుడు కూడా ఏడవలేదు.

రొట్టెల కొట్టుకి వెళ్ళే రోజు అమ్మాయి వెళ్ళలేదు. ఖాళీ చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్తానని నాయనమ్మతో అందట. పై వారం కూడా వెళ్ళలేదు. ఇక చదువు మానేస్తానని, ఆసుపత్రిలో తనకీ ఏదైనా పని చూడమని నాతో చెప్పమందట. నాకు చెప్పాల్సినవన్నీ నాయనమ్మతోనే చెప్పించేది. ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. అత్తగారు మధ్యలో కూర్చుని, "ఉప్పు తక్కువైందట" అని నాతో అనేవారు. ఆ పిల్లకి గొంతు పోయిందేమోనని కూడా కొన్నాళ్ళు భయపడ్డాను. నాయనమ్మతో మాట్లాడుతుంటే వింటూనే ఉన్నాను, అయినా భయపడ్డాను.

బడి మూసింది వాళ్ళు. పంతులమ్మను పొట్టన పెట్టుకుంది వాళ్ళ యుద్ధం. మా అమ్మాయి చదువు మాన్పించింది మాత్రం నేను. ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సహించలేదు.

షెడ్డులో నాకు ఉతుకు కాక ఇంకో పని ఉంది. అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి దుప్పట్ల మీద గుర్తులు వేసే పని నాకిచ్చారు. ప్రతి దుప్పటి అంచు మీదా వార్డు నంబరు, తేదీ రాయాలి. ఆ సిరా వేరు. నల్లగా, జిగటగా, చిన్న సీసాలో ఉంటుంది. పుల్లకలంతో రాసి ఇస్త్రీ వేడి తగిలిస్తే ఇక పోదు. ఒకరోజు పనికిరాదని పక్కన పడేసిన దుప్పటిని కట్లకోసం పీలికలు చేస్తున్నాను. ఎన్నేళ్ళ నాటిదో, గుడ్డ సాలెగూడులా ఉంది, పట్టుకుంటే చిరుగుతోంది. అంచు మీద గుర్తు మాత్రం నిన్న రాసినట్టుంది. సోడాలో ఎన్ని వందలసార్లు ఉడికిందో. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇస్త్రీ అక్క వచ్చి, ఏమే, దానితో కబుర్లా అని అడిగింది.

చిరుగు దుప్పట్లను ఇళ్ళలో కుట్టే ఆడవాళ్ళకు పంచి రావడానికి నాకు పాసు ఉంది. మూట పట్టుకుని ఏ వీధికైనా వెళ్ళొచ్చు. పంతులమ్మ ఉన్నప్పుడు ఆరు వారాల్లో ఆ నోటుబుక్కు ఆరుగురి ఇళ్ళకూ తిరిగొచ్చేది. చదివింది ఎంతో కొంత వాళ్ళ బుర్రల్లో ఉండాలి. సిరా సీసా జాకెట్లో దోపుకుని బయల్దేరాను. బయల్దేరే ముందు ఇంటి గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చాను, అది నిజం. మూడోసారి అత్తగారు తలుపు వేసేశారు.

రొట్టెల కొట్టాయన కూతురికి పాఠం బాగానే వచ్చు, కానీ పిండి పిసుకుతూ చదివిందట, పిండి పిసికితేనే వస్తుందట. చేతులు ఆగితే పాఠం ఆగిపోయేది. నేను నిదానంగా రాస్తాను కదా, ఆపమంటే మరిచిపోయేది, పిసకమంటే నాకు అందకుండా పరిగెత్తేది. గుండె పాఠం ముగిసేసరికి ఆ రోజుకు సరిపడా పిండి రెండింతలు మెత్తనైంది. వాళ్ళ నాన్న వచ్చి ఇవాళ రొట్టెలు దూదిలా వస్తున్నాయేమిటని ఆశ్చర్యపోయాడు.

గడియారాలు బాగుచేసే ఆయన నేనొచ్చిన పని వినగానే తెల్లబోయాడు. "అక్కయ్యా, మా అందరి తరఫునా భయపడే దానివి నువ్వు. నువ్వే ఇలాంటి పనికి దిగితే మేం ఎవరిని చూసి జాగ్రత్తపడాలి?" అన్నాడు. అంటూనే తలుపు గడియ పెట్టి, కన్నుకు పెట్టుకునే తన భూతద్దం తీసి కూతురికిచ్చాడు. ఆ పిల్ల దానితోనే నాకు కంటి పాఠం చెప్పింది. నాకు అర్థమయ్యేదాకా కలం ముట్టుకోనివ్వలేదు. ఈ వయసులో మొదటిసారి, వెలుతురు కంట్లో తలకిందులుగా పడుతుందని తెలిసింది. దారంతా మనుషుల్ని చూస్తూ నడిచాను.

కాంపౌండరు కూతురికి మాటలు గుర్తు లేవు, బొమ్మలు గుర్తున్నాయి. కలం తనే లాక్కుని గీసింది. పేగులు చాలా పొడవని, పంతులమ్మ ఆ పొడవు తెలియాలనే గది చివరి దాకా తాడు పరిచి చూపించిందని, అంచు పొడుగునా గీస్తూ పోయింది. పేగులు దుప్పటి నాలుగు వైపులా తిరిగొచ్చాయి. ఆపమ్మా, వేరే పాఠాలకు చోటు లేదని బతిమాలుకున్నాను.

మిగతా ఇద్దరి దగ్గరా దొరికిందంతా తీసుకున్నాను. ఒకరికి సగం వాక్యం గుర్తుంది, ఒకరికి ఒక లెక్క. అంచు మడత విప్పి లోపల రాయడం, ఇంటికొచ్చి ఇస్త్రీ పెట్టె తగిలించడం, మళ్ళీ మడిచి టాకాలు వేసెయ్యడం. మూడు దుప్పట్లు దాదాపు నిండాయి. నాకు పన్నెండు రోజులు పట్టింది.

అందులో ఒక రోజు వంతెన దగ్గర కాపలా మనిషి మూట విప్పించాడు. ఈ దుప్పట్లు ఎక్కడివని అడిగాడు. ఆసుపత్రివన్నాను. నా చెమట నా మడమల దాకా కారింది. అతను అంచు పట్టుకున్నాడు, టాకాలు వేసిన చోటే. పట్టుకుని, తన తమ్ముడు మూడో వార్డులో ఉన్నాడని, కాలు తీసేశారని, అక్కడ దుప్పట్లు శుభ్రంగా ఉంటాయా అని అడిగాడు. నా చేత్తోనే ఉతుకుతానన్నాను. అది అబద్ధం కాదు. అతను మూటను నాకంటే శ్రద్ధగా మళ్ళీ కట్టి ఇచ్చాడు. ఆ మనిషిని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సెలవు రోజు మధ్యాహ్నం మూడు దుప్పట్లూ గదిలో పరిచి, అంచుల టాకాలు విప్పాను. గది నిండిపోయింది. అత్తగారు కాళ్ళు మంచం మీదికి లాక్కున్నారు. అమ్మాయిని పిలవలేదు. పిలిస్తే పలకదని తెలుసు. అదే వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కాసేపటికి మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక అంచు మొదట్లో మొదలుపెట్టి, పాకుతూ, చదువుకుంటూ పోయింది. నా రాత కోడి గీరినట్టుంటుంది, ఒకటి రెండు చోట్ల ఆగి వెనక్కొచ్చి మళ్ళీ చదివింది. పేగుల బొమ్మతో పాటు దుప్పటి చుట్టూ తిరిగింది. నేను గోడకు ఆనుకున్నాను.

మూడో దుప్పటి చివర మూరెడు అంచు ఖాళీగా ఉంది. అక్కడికొచ్చి ఆగింది.

"అది చివరి పాఠానికి" అన్నాను. "అది ఎవరికీ తెలీదు. నీ ఒక్కదానికే తెలుసు. నువ్వు చెప్తే రాస్తాను."

అమ్మాయి ఆ ఖాళీ అంచును వేలితో రుద్దుతూ కూర్చుంది. 

అప్పుడే వీధి మొదట్లో జీపు ఆగింది. తలుపులు దబదబా కొడుతున్న చప్పుడు వరసగా దగ్గరకొస్తోంది. ఈసారి సైకిలు కోసం కాదని ఎదురింటి వాళ్ళ ట్రంకుపెట్టెలు వీధిలో పడుతున్న చప్పుడును బట్టే తెలిసింది. కాగితాల కోసం వెతుకుతున్నారు.

అత్తగారు నా వైపు చూశారు. "పొయ్యి మండుతోంది" అన్నారు మెల్లగా. ఎప్పుడూ నన్ను వెక్కిరించే మనిషి గొంతులో ఆ రోజు వెక్కిరింత లేదు.

అమ్మాయి కూడా నా వైపే చూస్తోంది.  నేనేం చేస్తానో చూస్తోంది, అంతే.

 బుర్రలో మళ్ళీ జీపు, మళ్ళీ తాళం, అన్నీ వరసగా వచ్చాయి. రానిచ్చాను. వాటిని ఆపడం నా వల్ల కాదు. కానీ పొయ్యి వైపు వెళ్ళలేదు. రాసిన అంచులు లోపలికి వచ్చేలా రెండు దుప్పట్లు మడత పెట్టి మూట మీద వేశాను. మూడోది ఒళ్ళో వేసుకుని, గుమ్మానికి ఎదురుగా కూర్చుని, అంచు మడిచి టాకాలు వేయడం మొదలుపెట్టాను. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించాను. నాలుగోసారి అమ్మాయి నా చేతిలోంచి సూది తీసుకుని, దారం ఎక్కించి ఇచ్చింది. ఇంకో సూది తను తీసుకుని అదే దుప్పటి రెండో కొసన కూర్చుంది.

ముగ్గురు వచ్చారు. డబ్బాలు బోర్లించారు. పిండి నేల మీద పోశారు. పరుపు చీల్చారు. ఒకడు తుపాకీ కొసతో మూట మీది దుప్పటి ఎత్తాడు. మధ్యలో ఎంత ఉడికినా వదలని గోధుమ రంగు మరక ఉంది. ఏమిటిది అన్నాడు. ఆసుపత్రి దుప్పటి, నాలుగో వార్డు, పుండ్లు కుళ్ళినవాళ్ళు పడుకునేది అన్నాను. వదిలేశాడు. తర్వాత నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు. నా వేళ్ళ కింద కంటి బొమ్మ ఉంది. దాని మీద నుంచి ఒక టాకా, ఇంకో టాకా. ఇంత సేపూ కుడుతూనే ఉన్నావేమిటన్నాడు. రేపటికి వార్డులో పరచాలన్నాను. వేలికి సూది గుచ్చుకుని రక్తం వచ్చింది, అయినా చెయ్యి ఆపలేదు. అవతలి కొసన మా అమ్మాయి చెయ్యి కూడా ఆగలేదు.

షెడ్డు నుంచి తెచ్చుకున్న రెండు సబ్బు బిళ్ళలు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

జీపు చప్పుడు దూరమయ్యేదాకా ముగ్గురం కదల్లేదు. తర్వాత అత్తగారు మంచం దిగి, నేల మీది పిండిలో పైపైది చేత్తో డబ్బాలోకి ఎత్తడం మొదలుపెట్టారు. నేను ఒళ్ళో దుప్పటి తిప్పి, ఖాళీగా ఉన్న మూరెడు అంచు దగ్గర టాకాలు విప్పాను. జాకెట్లోంచి సిరా సీసా తీసి మూత తిప్పాను.

"మళ్ళీ వస్తారు" అన్నాను. "నేను మళ్ళీ భయపడతాను. అది పోదు నాకు. కానీ దీన్ని మాత్రం ముట్టుకోను. ఉడకబెట్టినా పోని సిరా ఇది, నేను పోగొట్టాలనుకున్నా పోదు. చివరి పాఠం ఏమిటమ్మా?"

అమ్మాయి సూది దుప్పటికి గుచ్చి పక్కన పెట్టింది. మోకాళ్ళు దగ్గరకు లాక్కుని వాటి మీద గడ్డం ఆనించింది. ఎదురింటావిడ వీధిలోకి విసిరేసిన సామాను లోపలికి ఈడ్చుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. అత్తగారు జల్లెడ వెతికారు, దొరికింది, జల్లించడం మొదలుపెట్టారు. కలం కొసన సిరా ఆరిపోయింది. మళ్ళీ ముంచాను. అదీ ఆరిపోయింది. మూడోసారి ముంచాను.

"తుప్పు" అంది మా అమ్మాయి. ఇన్నాళ్ళు వాడని గొంతేమీ కాదు గానీ నా వైపు తిరిగి పలికేసరికి కాస్త బొంగురుగా వచ్చింది. "పాఠం పేరు తుప్పు. మూడు మేకులు, మూడు సీసాలు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో గాలి, ఒకదాంట్లో రెండూ. నిదానంగా చెప్తాను, రాసుకో అమ్మా."